బొమ్మరిల్లు కడదాం, మూడో పాఠం: జిగురు కంటే ముందు రంగు

పోయిన రెండు పాఠాల్లో కిట్‌లోని ముక్కలన్నీ విడదీశాం, వెనకవైపు పెన్సిల్‌తో నంబర్లు వేశాం, జిగురు పెట్టకుండా మాస్కింగ్ టేపుతో ఇల్లంతా ఒకసారి నిలబెట్టి చూశాం. అలా నిలబడ్డ ఇంటిని చూడగానే పిల్లలు “ఇంక అంటించేద్దాం నాన్నా” అని మొదలుపెడతారు. మన చెయ్యి కూడా ఫెవికాల్ డబ్బా మీదికే పోతుంది. ఆగండి. ముందు రంగు, తర్వాతే జిగురు. కొన్ని కిట్లతో వచ్చే కాగితంలో దీనికి తిరగేసి రాసి ఉంటుంది. అయినా సరే, బొమ్మరిల్లు పనిలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఇదే.

మన కిట్ అడుగుకి అంగుళం లెక్కది. అంటే పదడుగుల గది పదంగుళాలే. గోడలు అంటుకుపోయాక మెట్ల కింది మూలకి, మిద్దె గది పైకప్పుకి బ్రష్ అందదు. అందినా రంగు కారి కింది నేలమీద పడుతుంది. కిటికీ చట్రాల లోపలి అంచుల సంగతి సరేసరి. అదే పలకలన్నీ విడిగా బల్లమీద పరుచుకుంటే ఐదేళ్ల పిల్ల కూడా హాయిగా రంగు వేస్తుంది. కట్టర్ పనిలోనూ, జిగురు పనిలోనూ పిల్లలు పక్కన కూర్చుని చూడాల్సిందే. వాళ్ల చెయ్యి నిజంగా పడే పని ఇదొక్కటే కాబట్టి దీన్ని తొందరలో కానిచ్చేయడం నాకు ఇష్టం ఉండదు.

విప్పేముందు గీతలు

టేపుతో నిలబెట్టిన ఇంటిని విప్పేముందు ఒక పని ఉంది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో, ప్రతి గోడ నేలను తాకేచోట గోడకి అటూ ఇటూ గీత గీయండి. గోడ గోడను తాకేచోట, మిద్దె పలక గోడను తాకేచోట కూడా అంతే. ఇల్లు విప్పాక పలకల మీద 3 మిల్లీమీటర్ల ఎడంతో జంట గీతలు కనిపిస్తాయి. మన పలక మందం అది. ఆ జంట గీతల మధ్య రంగు పడకూడదు.

కారణం ఇది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు కలప పీచులోకి కొంచెం ఇంకి ఆరినప్పుడే గట్టిగా పట్టుకుంటుంది. రంగు మీద రాస్తే అది రంగు పొరను పట్టుకుంటుంది, చెక్కను పట్టుకోదు. పిల్లలిద్దరూ ఇంటిని చెరోవైపు పట్టి లాగిన రోజున రంగు పొరతో సహా గోడ ఊడొస్తుంది. అందుకే మాస్కింగ్ టేపును స్కేలు పెట్టి సన్నటి పట్టీలుగా కోసి, జంట గీతల మధ్య అంటించండి. పలక అంచునుంచి బయటికొచ్చే నాలుకల మీదా, అవి దూరే గాడుల లోపలా కూడా రంగు పోకూడదు. 3 మిల్లీమీటర్ల గాడిలో 3 మిల్లీమీటర్ల నాలుక సరిగ్గా పడుతుంది. దానికి రెండువైపులా రెండేసి పూతల రంగు పడితే ఇక దూరదు. బలవంతంగా దూర్చబోతే పలక చీలుతుంది.

రుద్దడం

ఉప్పుకాగితం 220 నంబరుది నాలుగు షీట్లు, 320 నంబరుది రెండు తెచ్చుకోండి. తిరుపతిలో ఏ హార్డ్‌వేర్ అంగట్లోనైనా దొరుకుతాయి. కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి పట్టుకోవద్దు. అగ్గిపెట్టె సైజు చెక్కముక్కకి చుట్టి పట్టుకోండి. వట్టి వేళ్లతో రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, రేపు అతికించేటప్పుడు సందులు తేలతాయి.

లేజర్‌తో కోసిన కిట్ అయితే అంచులన్నీ నల్లగా మాడి ఉంటాయి. బొటనవేలితో అంచు వెంట ఒకసారి రాసి చూడండి, వేలికి మసి అంటుతుంది. అది తియ్యకుండా తెల్లరంగు వేస్తే రెండు రోజుల్లో గోధుమరంగు మరకలుగా పైకి తేలుతుంది. వేలికి మసి అంటడం ఆగేదాకా రుద్దితే చాలు, తెల్లచెక్క కనపడేదాకా అక్కర్లేదు. నాలుకల మీద మాత్రం రుద్దకండి. అవి సన్నబడితే ఇల్లు వదులవుతుంది.

ఈ పని ఇంట్లో పెట్టుకోకండి. ఎండీఎఫ్, అంటే కలప పీచును వత్తి చేసిన పలక, దాని పొడి చాలా సన్నగా ఉంటుంది, అందులో పలక తయారీకి వాడిన రెసిన్ అనే బంక కూడా ఉంటుంది. మేడమీదో, వాకిట్లోనో కూర్చుని, ముక్కుకి మాస్కు పెట్టుకుని రుద్దండి. ఆ పొడి వాసన పిల్లల దాకా రానివ్వకండి. అయ్యాక తడిపి గట్టిగా పిండిన పేలికతో పలకల్ని తుడిచి నీడలో ఆరబెట్టండి.

ప్లైవుడ్ కిట్ అయితే అంచుల్లో అక్కడక్కడా పెచ్చులు లేచి గుంటలు పడతాయి. వాటికోసం అంగట్లో పుట్టీ కొనాల్సిన పనిలేదు. ప్లైవుడ్‌నే రుద్దగా వచ్చిన పొడిలో ఫెవికాల్ కలిపి చపాతీ పిండిలా ముద్ద చేసి గుంటలో నొక్కండి. కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్లపొణికి ముక్కల్ని అతికేటప్పుడు రంపపు పొట్టులో చింతగింజల బంక కలిపి వాడే మక్కు కూడా ఈ రకమే. ఆరాక ఇది కొంచెం కుంగుతుంది కాబట్టి గుంట మట్టానికి కాస్త పైకే పెట్టి, మర్నాడు ఉప్పుకాగితంతో సమం చేయండి.

అంచు దాహం

ఎండీఎఫ్ పలక పైముఖం నున్నగా ఉంటుంది, అంచు అలా ఉండదు. కలప పీచును రెసిన్‌తో కలిపి వేడిగా వత్తినప్పుడు పైపొరా కిందిపొరా గట్టిపడతాయి, మధ్యభాగం అంతకంటే వదులుగా మిగులుతుంది. కోసినచోట ఆ వదులు భాగమే బయటికొస్తుంది. దానిమీద నీళ్ల రంగు వేస్తే పీల్చేసుకుని, ఉబ్బి, పీచు లేచి గరుకవుతుంది. నాలుగు పూతలు వేసినా ముఖానికి ఒక రంగు, అంచుకి ఇంకో రంగు అన్నట్టు కనిపిస్తుంది.

దీనికి మందు చవకే. ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి, బయటికి కనపడే అంచులకు మాత్రమే చిన్న బ్రష్‌తో పల్చగా రాయండి. ఆరాక 320 కాగితంతో రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్ది, ఇంకోసారి రాయండి. అప్పుడు అంచు గోరుతో గీస్తే జారేంత నున్నగా తయారవుతుంది. అతుకులోకి పోయే అంచుల జోలికి వెళ్లొద్దు, వాటికి రేపు అసలు జిగురు పడాలి.

పలక వంకర పోకుండా

చాలామంది ఇళ్లు ఇక్కడే పాడవుతాయి, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. పల్చటి పలకకు ఒకవైపే రంగు వేస్తే ఆ వైపు తడి పీల్చి ఉబ్బుతుంది, పలక రెండోవైపుకి వంగుతుంది. ఆరేటప్పుడు రంగు పొర ముడుచుకుని తనవైపుకి లాగుతుంది. అంతటితో అయిపోదు. రంగున్న వైపు గాలిలోని తేమ లోపలికి పోదు, రంగులేని వైపు పోతూ వస్తూ ఉంటుంది. దాంతో వానాకాలానికి ఒకలాగా, ఎండాకాలానికి ఒకలాగా పలక వంగుతూనే ఉంటుంది. జిగురు అతుకులు ఆ లాగుడికి ఒక్కొక్కటిగా వదులుతాయి.

అందుకని ప్రతి పలకకూ రెండువైపులా ఒకేరోజు, ఒకే మందంలో రంగు వేయాలి. ఎవరికీ కనపడని అడుగుపలక కిందివైపైనా సరే. నాలుగు బోర్డు పిన్నుల్ని మొనలు పైకి వచ్చేలా అట్టముక్కకి గుచ్చి, వెనకవైపు రంగు వేసిన పలకను ఆ మొనల మీద ఆనించి ఈ వైపు వేసేయండి. మొనల గుర్తులు దాదాపు కనపడవు. ఈ పిన్నుల పని మాత్రం పెద్దవాళ్లే చూసుకోవాలి.

తిరుపతిలో అక్టోబరు సగం నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజుల్లో డబ్బా మీద రెండు గంటలు అని రాసి ఉన్నా ఒక రాత్రి పూర్తిగా ఆరనివ్వండి. మే నెలలో సమస్య ఇంకోలా ఉంటుంది. మేడమీద ఎండలో పెడితే పైపొర చటుక్కున ఆరిపోయి లోపల తడి మిగులుతుంది, పలక అప్పడంలా లేస్తుంది. ఎండాకాలమైనా ఫ్యాను కింద నీడలోనే ఆరాలి. దసరా కొలువులో ఈ ఇంటిని పెట్టాలని అనుకునేవాళ్లు వానలు పట్టుకోకముందే రంగుల పని ముగించండి.

కొంచెం వంగిన పలక ఉంటే పూర్తిగా ఆరాక రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి, చదునైన నేలమీద ఉంచి పైన ఇటుకలు పేర్చండి. రెండు మూడు రోజులకు చాలావరకు దారికొస్తుంది.

ఏ రంగు

నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులు, వాటి కింద నీళ్లతో కలిసే వుడ్ ప్రైమర్. ఇంక వేరే ఆలోచన వద్దు. గేటుకి వేయగా మిగిలిన పాత ఎనామిల్ డబ్బా అటకమీద ఉంటే దాన్ని అక్కడే ఉండనివ్వండి. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకుముందు డబ్బాలో ఎంత ఉందో మనకు తెలిసే దారి లేదు. ఆ నిబంధన ఇళ్ల పెయింట్లకే, కార్లకూ యంత్రాలకూ వేసే స్ప్రేలకు కాదు. కాబట్టి మెరుస్తుంది కదా అని వాటిని బొమ్మరింటికి తేవద్దు. పిల్లలు తలుపుల్ని కొరుకుతారు, బొమ్మ కుర్చీని నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

ఇంకొక్క మాట. పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. అయితే చాలా చెక్క ఇళ్ల కిట్లు పద్నాలుగేళ్లు దాటినవాళ్ల హాబీ సామానుగా అమ్ముడవుతాయి, వాటిమీద ఆ గుర్తు ఉండకపోవచ్చు. అలాంటి కిట్‌లో చిన్న బల్బుల కోసం బటన్ బ్యాటరీ వచ్చి ఉంటే దాన్ని ఈరోజే తీసి దాచేయండి. పిల్లలు మింగితే ప్రాణాలమీదికి వస్తుంది. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే తలుపు గుబ్బల్లాంటి ఊడే చిన్న ముక్కలు అసలు పెట్టకండి.

ఇంటికి మన కళ

డబ్బా మీది బొమ్మలో ఉండేది మంచు పడే దేశపు ఇల్లు. రంగులు మనవి వేస్తే అది మన ఊరి ఇల్లయిపోతుంది. నేలకు రెడాక్సైడ్ రంగు, అంచు చుట్టూ వేలెడు వెడల్పు నల్లపట్టీ. నేలకు మాత్రమే పైన నీళ్ల వార్నిష్, మెరిసే రకం (గ్లాసీ) వేయండి, పాత ఇళ్ల నేలల్లా మెరుస్తుంది. గోడలకు తెలుపులో ఒక్క చుక్క నీలం. ముందు వసారా పలకను తిన్నె చేసి, దాని కిందిభాగంలో తెలుపు, జాజు పట్టీలు నిలువుగా తీయండి. పొగగొట్టం ముక్కలు నాలుగూ పారెయ్యకండి, వాటితో చక్కటి తులసికోట వస్తుంది.

గడప పని పిల్లలకు వదిలేయండి. పసుపురంగు ఆరాక, అగ్గిపుల్లను మందు లేని వైపునుంచి ఎర్రరంగులో తాకించీ తాకించనట్టు ముంచి, నిలువుగా పట్టుకుని గడప మీద ఆనించి పైకెత్తాలి. మొదటి చుక్క లావుగా పడుతుంది, రెండోది పర్వాలేదనిపిస్తుంది, మూడో చుక్క కుదురుగా గుండ్రంగా వస్తుంది. అందుకే మొదటి రెండూ పాత పేపర్ మీద పెట్టించండి. మా పాప ఈ పని చేసేటప్పుడు ఊపిరి బిగబట్టి, నాలుక పంటి కింద పెట్టుకుని కూర్చుంటుంది. పక్కనుంచి మనం చెయ్యి పట్టుకుని దిద్దబోతే అది మన గడప అయిపోతుంది. చుక్క పక్కకు పోయినా అలాగే ఉండనివ్వండి. ముగ్గు కూడా ఇంతే, పళ్లు కుట్టుకునే పుల్లతో తెల్లరంగు తీసుకుని ఐదు చుక్కల ముగ్గు వేయిస్తే వాకిలికి సరిపోతుంది. ముగ్గు వార్నిష్ కంటే ముందు.

ప్రతి రంగూ పల్చగా రెండు పూతలు. ఒక్క మందపాటి పూత వేస్తే కిటికీ మూలల్లో చేరి గడ్డకడుతుంది. రెండో పూత వేసి అరగంటలోపే మాస్కింగ్ టేపును వాలుగా, మెల్లగా లాగేయండి. రంగు పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచులో పెచ్చులు లేస్తాయి.

వచ్చే పాఠంలోగా

పలకలన్నీ గోడకు ఆనించి రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత ఇంటిని మళ్లీ ఒకసారి జిగురు లేకుండా నిలబెట్టి చూడండి. ఎక్కడైనా నాలుక బిగుసుకుంటే సుత్తి తీసుకోకండి. ఆ నాలుక మీద పడ్డ రంగును ఉప్పుకాగితంతో గీకితే చాలు, దూరుతుంది. నాలుగో పాఠానికి ఫెవికాల్, లావు రబ్బరు బ్యాండ్లు ఒక గుప్పెడు, తడి పేలిక, ఒక చిన్న మూలమట్టం సిద్ధంగా పెట్టుకోండి. అడుగుపలకకు వెనకగోడ, పక్కగోడ కలిసే మూలనుంచి అంటించడం మొదలుపెడదాం.