మీ పీర్ గ్రూప్ మూడో మీటింగ్‌కే చప్పబడిపోయిందా? ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం

ఐదారుగురు కొలీగ్స్ కలిసి నెలకోసారి కూర్చుని ఒకళ్ల ఆఫీసు సమస్య ఇంకొకళ్లు విందాం అని మొదలెడతారు, రెండుసార్లు బాగానే నడుస్తుంది, మూడోసారికి ఇద్దరు "కాల్ ఉంది" అని తప్పించుకుంటారు. ఇలా కలిసి కూర్చుని ఒకళ్ల సమస్య మీద మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తూ నేర్చుకోవడాన్ని యాక్షన్ లెర్నింగ్ అంటారు, కొత్తదేం కాదు, రెజ్ రెవాన్స్ అనే ఆయన 1940ల్లోనే బ్రిటన్ బొగ్గు గనుల మేనేజర్లతో చేయించాడు. పద్ధతి మంచిదే, మనం చేసే తీరులోనే తేడా.

సమస్య: ఒకళ్లు నోరు విప్పిన రెండు నిమిషాలకే అందరూ సలహాలు మొదలెడతారు.

కారణం: సలహా ఇస్తేనే సాయం చేసినట్టు అనుకుంటాం. రెవాన్స్ దీనికో ఫార్ములా రాశాడు, ఎల్ = పీ + క్యూ అని. ఎల్ అంటే నేర్చుకోవడం, పీ అంటే ఇప్పటికే ఉన్న జ్ఞానం, క్యూ అంటే ప్రశ్నలు వేస్తే దొరికేది. మనం ఆ పీ దగ్గరే ఆగిపోతాం.

ఏం చేయాలి: మొదటి ఇరవై నిమిషాలు ప్రశ్నలే, సలహా నిషేధం. "మేనేజర్‌తో మాట్లాడొచ్చు కదా?" లాంటివి కూడా వద్దు, అది ప్రశ్న వేషంలో ఉన్న సలహానే (నేనూ చాలాసార్లు దొరికిపోయాను).

మా గ్రూప్‌లో ఒకావిడ "మా టీమ్‌లో ఒకబ్బాయి రిపోర్ట్ ఎప్పుడూ లేటే" అంది. నేనైతే రిమైండర్ పెట్టండి అనేసేవాణ్ణే, ఈలోపు పక్కనున్నాయన "లేట్ అంటే ఎప్పటికండీ?" అన్నాడు. గురువారం సాయంత్రానికి కావాలంది. "ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారు?" అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి పాత మెయిల్ వెతికితే అందులో "ఈ వారంలో" అని మాత్రమే ఉంది. అతను ప్రతి శుక్రవారం సాయంత్రం పంపుతున్నాడు, అతని లెక్కలో టైమ్‌కే ఇస్తున్నాడన్నమాట. పది సలహాలు ఇచ్చినా ఈ మెయిల్ బయటికొచ్చేది కాదు.

సమస్య: మీటింగ్ అంతా కంపెనీని తిట్టడంతోనే సరిపోతోంది.

కారణం: తెచ్చిన సమస్య తెచ్చినవాళ్ల చేతిలో లేదు. హైక్ పాలసీ గురించి ఆరుగురు గంటసేపు మాట్లాడుకున్నా అది ఇంచు కూడా కదలదు.

ఏం చేయాలి: "ఇందులో నువ్వు మార్చగలిగేది ఏంటి?" అని ముందే అడగండి, ఏమీ లేదంటే వేరే సమస్య తెచ్చుకోమనండి. తిట్టుకోవడానికి ఓ ఐదు నిమిషాలు ఇస్తే తప్పేం లేదు, మనుషులమే కదా, కానీ టైమర్ పెట్టండి.

సమస్య: అదే మనిషి, అదే సమస్య, మళ్లీ మళ్లీ.

కారణం: "సరే చూస్తాను" అని లేచిపోయారు, ఏం చేస్తారో ఎవరూ రాసుకోలేదు.

ఏం చేయాలి: లేచే ముందు ఏ పని, ఎప్పటిలోగా అని వాళ్ల చేతే రాయించండి, వచ్చే మీటింగ్ ఆ కాగితంతోనే మొదలవ్వాలి. చేయలేదంటే క్లాస్ పీకకండి, ఏం అడ్డొచ్చిందో అడగండి, చాలాసార్లు అసలు సమస్య అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఎవరూ నోరు విప్పట్లేదు.

గ్రూప్‌లో ఎవరి బాసైనా ఉన్నారేమో చూడండి. ఉంటే దీనికి వేరే చిట్కా లేదు, ఆయన్ని ఆయన లెవెల్ వాళ్లున్న ఇంకో గ్రూప్‌కి పంపాల్సిందే.

సమస్య: టైమ్ చాలట్లేదు.

ఎనిమిది మంది దాటితే చాలదు, నా లెక్కలో ఐదుగురైతే హాయి. ఒక్కొక్కళ్లకి నలభై నిమిషాలు, పూటకి ఇద్దరు, మిగతావాళ్లు వచ్చేసారి.

ఇంకోటి, ప్రతిదీ ఇక్కడికి తేవద్దు. ఒకటే కరెక్ట్ ఆన్సర్ ఉండి, అది ఎవరికో ఆల్రెడీ తెలిసుంటే దాన్ని రెవాన్స్ పజిల్ అనేవాడు, సమస్య అనేవాడు కాదు. సర్వర్ పడిపోతే గుండ్రంగా కూర్చుని ఒకళ్లనొకళ్లు ప్రశ్నలు అడుక్కోకండి, దాని సంగతి తెలిసినవాళ్లకి ఫోన్ కొట్టండి.