మట్టి సంగతి వానపామును అడగండి

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల మురుగు కలిసిన నక్కవాగు ఒడ్డున పొలమున్న రైతు ఒకాయన మట్టి పరీక్ష కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "మేడం, ఇందులో అంకెలున్నాయి గానీ ఈ మట్టి బతకనిస్తుందో లేదో లేదు" అన్నారు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఆ మాట నచ్చింది. మట్టిలో సీసం ఎంతుందో రసాయన పరీక్ష చెబుతుంది. అందులో ఎంత ప్రాణికి ఎక్కుతుందన్నది బంకమట్టిని, సేంద్రియ పదార్థాన్ని, ఆమ్లత్వాన్ని బట్టి మారుతుంది. మట్టిని తింటూ, తడి చర్మంతో అందులోనే దొర్లే వానపాముకు ఆ తేడా తెలుస్తుంది, పడని మట్టిని వదిలి పక్కకు పోతుంది. దాన్ని ఇంట్లోనే ఇలా పరీక్షించి చూడొచ్చు.

వర్మీకంపోస్టు తొట్టిలోని ఎర్ర వానపాములు, అంటే ఐసీనియా ఫెటిడా, తీసుకోండి. మెడ దగ్గర ఉబ్బెత్తు పట్టీ ఉన్నవే ఏరండి, అవే పూర్తిగా ఎదిగినవి. అనుమానమున్న మట్టితో పాటు, పోల్చడానికి అదే రకం మంచి మట్టి కావాలి. రేగడి పక్కన ఎర్రమట్టిని పెడితే వానపాము మట్టిలోని విషాన్ని బట్టి కాదు, నేల రకాన్ని బట్టి పక్క ఎంచుకుంటుంది.

ప్లాస్టిక్ డబ్బా మధ్యలో అట్ట నిలబెట్టి (నేను పాత శుభలేఖ వాడతాను) ఒక పక్క ఆ మట్టి, మరో పక్క ఈ మట్టి సమానంగా నింపండి. అట్ట తీసేసి, ఆ గీత మీద పది పాముల్ని వదలండి. చిల్లుల మూత పెట్టి 48 గంటలు కదపకండి. ఇలాంటివి ఐదు డబ్బాలు. గడువయ్యాక అట్టను మళ్లీ దించి రెండు పక్కలా లెక్కపెట్టండి. అట్ట కింద పడినదాన్ని చెరి సగం వేయండి. సగటున పదింటిలో ఎనిమిదికి మించి మంచి మట్టి వైపు చేరితే రెండోది వాటికి నివాసయోగ్యం కాదన్నట్టే.

తడి విషయంలో నేనే దెబ్బతిన్నాను. మొదటిసారి ఒక పక్క నీళ్లు ఎక్కువ పోశాను. పాములన్నీ అటే పోయాయి, నేను మురిసిపోయాను. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. రెండు పక్కలా అదే తడి ఉండాలి. రెండు వైపులా మంచి మట్టే పోసిన డబ్బా ఒకటి తప్పక పెట్టండి. అందులోనూ ఒకవైపే గుమిగూడితే తప్పు మీ ఏర్పాటులో ఉంది.

పారిపోవడం వేరు, చావడం వేరు. చావు చూడాలంటే 14 రోజుల పరీక్ష ఉంది. 20 డిగ్రీల దగ్గర ఉంచి ఏడో రోజు, పద్నాలుగో రోజు లెక్కించాలి. మంచి మట్టిలోనే పదో వంతుకు మించి చస్తే ఆ పరీక్ష చెల్లదు. హైదరాబాద్ వేసవిలో దీని జోలికి పోకండి, ఎండకే పోతాయి.

పెసలు కూడా నాటి చూడొచ్చు, కానీ మొలక వచ్చిందని సంబరపడకండి. గింజలోని తిండితో కొన్నాళ్లు గడుస్తుంది. పీకి వేరు పొడవు కొలవండి. అది పొట్టిగా ఉంటే ముందు ఉప్పు పరీక్ష చేయించండి, చవుడు నేలలోనూ అలాగే అవుతుంది.

చేతికి తొడుగులు మరవకండి. పని అయిపోయిన పాముల్ని తిరిగి ఎరువు తొట్టిలో వేయకండి, కోళ్లకు అసలే వేయకండి.