గూగుల్‌లో మీ షాపు పేజీ కనిపించాలంటే టైటిల్, డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?

శ్రీకాళహస్తిలో తరాలుగా కలంకారీ వేస్తున్న ఒక కుటుంబం వెబ్‌సైటు పెట్టుకుంది. ఫోటోలు ముచ్చటగా ఉన్నాయి. కానీ గూగుల్‌లో "కలంకారీ చీర" అని కొడితే మిషను ప్రింటు బట్టలమ్మే షాపులే వరసగా వస్తాయి, వీళ్లది ఎక్కడా ఉండదు. తిరుపతిలో మా ఇంట్లో కూర్చుని ఆ సైటు తెరిచి చూస్తే ప్రతి పేజీ టైటిలూ "హోమ్" అనే ఉంది. బట్టను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో రోజుల తరబడి గీసిన చీరకు ఆ పేరా! మనసు చివుక్కుమంది.

ముందు మీ పేజీ సంగతి చూడండి. కంప్యూటర్లో దాన్ని తెరిచి మౌసు పాయింటరు బ్రౌజరు పైన ఆ పేజీ ట్యాబ్ మీద పెడితే పూర్తి టైటిల్ కనబడుతుంది. గూగుల్ ఫలితాల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది ఎక్కువసార్లు ఇదే.

అసలు శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. కొనేవాళ్లు ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు ముందు రాయండి, షాపు పేరు చివర పెట్టండి. "హోమ్" తీసేసి షాపు పేరుకు ముందు మేం ఇలా రాశాం: "చేత్తో వేసిన శ్రీకాళహస్తి కలంకారీ పట్టు చీరలు". ఇన్ని అక్షరాలే ఉండాలని గూగుల్ నియమం పెట్టలేదు గానీ, స్క్రీను వెడల్పు దాటితే కత్తిరించేస్తుంది. దుపట్టాల పేజీకి వేరే టైటిల్, గోడకు వేలాడదీసే రామాయణం బట్టకు వేరే టైటిల్ ఉండాలి. చెన్నై, బెంగళూరు వాళ్లు ఇంగ్లీషులో వెతుకుతారు కాబట్టి వాళ్లకు విడిగా ఇంగ్లీషు పేజీ పెట్టండి. ఒకే లైనులో రెండు భాషలూ కుక్కితే రెండూ చెడతాయని నా అభిప్రాయం.

తర్వాత మెటా డిస్క్రిప్షన్, అంటే టైటిల్ కింద వచ్చే రెండు లైన్లు. దీనివల్ల ర్యాంకు పెరగదు. కానీ నొక్కాలా వద్దా అని మనిషి తేల్చుకునేది దాన్ని చదివే. "నాణ్యతకు మారుపేరు" లాంటి మాటలు వద్దు. "బెల్లం, ఇనుము ఊరబెట్టిన నలుపుతో చేత్తో గీసిన చీరలు. కొలత, ధర, పంపే రోజులు లోపల ఉన్నాయి" అని రాస్తే చాలు. ఒక్కోసారి గూగుల్ మన లైన్లు వదిలేసి పేజీలోంచే ముక్క తీసుకుంటుంది. అందుకని ఆ వివరాలు పేజీలోనూ ఉండాలి.

మెటా కీవర్డ్స్, అంటే పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే వెతుకుడు మాటల జాబితా, దాని జోలికి పోకండి. ర్యాంకుకు వాటిని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. అవి నింపుతామని డబ్బులడిగితే ఇవ్వకండి.

ఇంకొకటి తప్పకుండా చూడాలి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరుతో కట్టిన సైటయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరవండి. సెర్చ్ ఇంజిన్లు రావద్దని చెప్పే టిక్కు అడుగున ఉంటుంది. సైటు కట్టేటప్పుడు పెట్టి తీయడం మరిచిపోతారు. ఈ కుటుంబం సైటులో అదే జరిగింది. అది ఉన్నంతసేపు టైటిల్ ఎంత బాగా రాసినా ఫలితం ఉండదు.

మార్పులయ్యాక సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిచి, పైనున్న పెట్టెలో పేజీ లింకు వేసి, ఇండెక్సింగ్ (గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం) కోసం రిక్వెస్ట్ నొక్కండి. కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. పదేపదే నొక్కినంత మాత్రాన త్వరగా రాదు.