ఏళ్ల తరబడి నిలిచిపోయిన మస్టాంగ్‌ను మళ్లీ రోడ్డెక్కించడం

టెక్సాస్ పల్లెల్లో, మన సర్కారు తుమ్మకు దాయాది అయిన మెస్కీట్ చెట్ల కింద, ముప్పై నలభై ఏళ్లుగా కదలని పాత అమెరికన్ కార్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ పనిలోకి కొత్తగా దిగేవారికి వాటిలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ అనువైనది. ఆ ఒక్క మోడల్ సంవత్సరంలోనే ఆరు లక్షలకు పైగా తయారైనందువల్ల దాని విడిభాగాల్లో దొరకనివి చాలా తక్కువ. కింద చెప్పేదంతా 289 ఘనపు అంగుళాల, అంటే 4.7 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల (వీ8) ఇంజన్ ఉన్న బండి గురించే.

పొలంలో వదిలేసినంత మాత్రాన బండి ఎవరిదీ కాకుండా పోదు. మన ఆర్‌సీకి దగ్గరగా ఉండే ‘టైటిల్’ అనే పత్రం ఎవరి పేరున ఉందో తెలుసుకుని, అందులోని నంబరు ఎడమవైపు ముందు ఫెండర్ (మడ్‌గార్డు) లోపలి రేకు మీద కొట్టిన నంబరుతో సరిపోతుందో లేదో చూడాలి. ఆ నంబరు 6ఎఫ్07సి అని మొదలైతే అది 1966 మోడల్, డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలో తయారైన హార్డ్‌టాప్ (రేకు పైకప్పు బండి), రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్‌తో 289 ఇంజన్ ఉన్నదని అర్థం. టైటిల్ పోయిన బండికి టెక్సాస్‌లో పూచీకత్తు బాండు మీద ఇచ్చే ‘బాండెడ్ టైటిల్’ అనే మార్గం ఉంది గాని, అది తేలేదాకా డబ్బు చేతులు మారకపోవడమే మంచిది.

చాలామంది ముందుగా బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు. నేనైతే ఒక చెంబుడు నీళ్లు తీసుకుని ముందు అద్దం కిందున్న గాలి జాలీలో పోస్తాను. ఆ జాలీ కింది తొట్టిని కౌల్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న బండిలో ఆ నీరు రెండు పక్కలకూ పారి ముందు చక్రాల వెనుక నేల మీద పడుతుంది. డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూసినప్పుడు చుక్కలు కారుతుంటే, కౌల్ లోపలి గాలి రంధ్రాల చుట్టూ ఉన్న గట్టును తుప్పు తినేసినట్టే, దాని కిందున్న ఫ్లోర్ రేకు కూడా చాలావరకు పోయినట్టే. ఈ కారుకు విడిగా చాసిస్ లేదు కనుక ఫ్లోర్, దాని కింది రెయిళ్లు పోతే బండి బలమే పోయినట్టు లెక్క. ఇంజన్ పట్టేసిన బండిని నేను కొంటాను, కౌల్ పోయిన బండిని మాత్రం ధర బాగా తగ్గితే తప్ప ముట్టుకోను.

లోపల ఎలుకల గూళ్లు తప్పకుండా ఉంటాయి. అమెరికా ఎలుకల రెట్టల ద్వారా ఊపిరితిత్తులను దెబ్బతీసే హంటావైరస్ సోకే ప్రమాదం ఉంది కాబట్టి పొడిగా ఊడ్చకుండా, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి బాగా తడిపి, చేతి తొడుగులతో తీయాలి.

ఇక ఇంజన్. బ్యాటరీ పెట్టి తాళం తిప్పాలన్న కోరికను అణచుకోవాలి, ఎందుకంటే తుప్పు పట్టిన సిలిండర్ల మీద గీతలు పడేదీ, ఇరుక్కున్న వాల్వుల వల్ల వాటిని నడిపే పుష్‌రాడ్లు అనే కడ్డీలు వంగేదీ ఆ ఒక్క తిప్పుతోనే. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తీసి, ప్రతి రంధ్రంలో ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి కొద్దిగా పోసి, కొన్ని రోజులు ఓపిక పట్టాలి. తర్వాత ముందున్న క్రాంక్ బోల్టుకు పొడవాటి పానా తగిలించి మెల్లగా తిప్పుతూ, పై మూతలు తీసి వాల్వులను నొక్కే పదహారు రాకర్లూ కదులుతున్నాయా అని చూడాలి.

పాత ఆయిల్ మార్చాక, పొడిబారిన బేరింగులకు ఇంజన్ తిరగకముందే కొత్త ఆయిల్ అందించాలి. ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే ముక్క (రోటర్) ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకుని డిస్ట్రిబ్యూటర్‌ను పైకి తీస్తే, అడుగున ఆయిల్ పంపును తిప్పే పావు అంగుళం ఆరు పలకల కడ్డీ కనిపిస్తుంది. దానికి సాకెట్ తగిలించి డ్రిల్లుతో గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పాలి. కాసేపు తేలిగ్గా తిరిగిన డ్రిల్లు, పంపు ఆయిల్ అందుకోగానే చేతిలో ఒక్కసారిగా బరువెక్కుతుంది. క్రాంక్‌ను మధ్యమధ్య కొంచెం తిప్పుతూ ఉంటే కాసేపటికి రాకర్ల దగ్గర ఆయిల్ ఊరుతుంది. నా మొదటి బండిలో డిస్ట్రిబ్యూటర్‌ను తొందరపడి లాగితే ఆ కడ్డీ సగం వరకు వెంట వచ్చి, జారి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ప్యాన్‌లో పడింది. ప్యాన్ విప్పి దాన్ని తీయడానికి ఆదివారమంతా సరిపోయింది.

పెట్రోలు ట్యాంకును బాగుచేయడం కన్నా మార్చడమే నయం, ఎందుకంటే ఈ కారులో ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల, దాంతో చిల్లు పడితే పెట్రోలు ఆవిరి సరాసరి కారు లోపలికే వస్తుంది. మొదటి స్టార్టుకు చిన్న డబ్బా నుంచి గొట్టం ద్వారా కొత్త పెట్రోలు అందించి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, ఆరుబయట ప్రయత్నించాలి. కొన్ని క్షణాల్లో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయాలి.

ఇంజన్ పలికినా, బ్రేకులు పూర్తయ్యేదాకా బండి కదలకూడదు. 1966 వరకు మస్టాంగ్‌లో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేకు వలయం ఉండేది, ఒక్క గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. అందుకే గొట్టాలు, వీల్ సిలిండర్లు మార్చేటప్పుడే 1967 నుంచి వచ్చిన రెండు గదుల మాస్టర్ సిలిండర్‌ను అమర్చడం మంచిది. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కనుక గాలితో ఊదకుండా తడిపి తుడవాలి.

కొత్త టైర్లు వేసి, తొలిరోజు వాకిట్లోనే ముందుకూ వెనక్కూ నడిపి, రాత్రికి కారు కింద పెద్ద అట్ట పరచాలి. పొద్దున దాని మీద ఎర్రటి మరక కనిపిస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్సు వైపు, ఆకుపచ్చది కనిపిస్తే రేడియేటర్ వైపు, చక్రం పక్కన నూనెలాంటి తేట తడి ఉంటే మళ్లీ బ్రేకుల వైపు వెళ్లాలి.