ఆస్పత్రి ఖర్చు ఏటా ఎంత పెరుగుతోంది? మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి

మా బాపు ఆస్పత్రి కాగితాలన్నీ ఒక బట్టల షాపు కవర్లో, బీరువా మీద ఉంటాయి. పోయిన నెల దాన్ని కిందికి దించి ముందేసుకుని కూర్చున్నా. ఎందుకంటే వైద్యం ఖర్చు ఏటా ఇంత పెరుగుతోందని ఇన్సూరెన్స్ ఏజెంట్ ఒక శాతం చెప్తాడు, టీవీలో ఇంకోటి చెప్తారు, ఏదీ మా ఇంటి ఖర్చుతో కలవడం లేదు. మీ ఇంట్లోనూ అలాంటి కవరు ఉండే ఉంటుంది, దించండి.

ముందు ఒకే పనికి వేర్వేరు సంవత్సరాల్లో ఎంత కట్టారో వెతకాలి. ఒకే పని అంటే అచ్చంగా అదే ఉండాలి: అదే డాక్టరు ఓపీ ఫీజు, అదే టెస్టు, అదే మాత్ర. మొత్తం బిల్లునే పక్కపక్కన పెట్టి పోల్చారంటే తప్పులో కాలేసినట్టే. 2015లో బాపుకు షుగర్ చూడాలంటే పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి రక్తం తీసేవాళ్లు, అంతే. ఇప్పుడు దానికి మూడు నెలల సగటు, కిడ్నీ, కొలెస్ట్రాల్, విటమిన్ డి తోడయ్యాయి. బిల్లు నాలుగింతలైంది గానీ అందులో ఎక్కువ భాగం టెస్టులు పెరిగినందుకు, రేటు పెరిగినందుకు కాదు. ఈ రెండూ విడదీయకపోతే లెక్క మొత్తం గోవిందా.

మాకు దొరికిన ఓపీ చీటీల్లో 2015లో 200, 2025లో 500 ఉంది. 500ని 200తో భాగిస్తే 2.5. ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి అడ్డంగా తిప్పితే ఘాతం బటన్ (xʸ లేదా ^ గుర్తు) కనబడుతుంది. పదేళ్ల తేడా కాబట్టి 2.5కి 0.1 ఘాతం వేయండి, 1.096 వస్తుంది, అంటే ఏటా 9.6 శాతం. ఏడేళ్ల తేడా అయితే 0.1 బదులు ఒకటిని ఏడుతో భాగించి వచ్చింది వేయాలి.

ఆ 9.6 ఎక్కువా తక్కువా అనేది మీ రాబడి పక్కన పెడితేనే తెలుస్తుంది. మాది పత్తి ఇల్లు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి తోలుకపోయే బతుకు, కాబట్టి నేను పత్తితోనే కొలిచా. పొడవు పింజ పత్తికి మద్దతు ధర 2015-16లో క్వింటాలుకు 4,100, 2025-26లో 8,110, అంటే ఏటా సుమారు 7 శాతం. ఒకసారి డాక్టరుకు చూపించుకోవడానికి అప్పుడు ఐదు కిలోల పత్తి సరిపోయేది, ఇప్పుడు ఆరు కిలోలు దాటింది. మార్కెట్లో మద్దతు ధర పలకని ఏడాది అది ఇంకా పెరుగుతుంది, అది వేరే బాధ. మీది జీతమైతే జీతంతో కొలుచుకోండి.

ఇదే లెక్క మాత్రలకు వేస్తే ఇంకో అంకె వస్తుంది, కంగారు పడొద్దు. ప్రభుత్వం ధర కట్టేసిన మందులకు టోకు ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్‌లో రేటు మారుతుంది: 2022లో 10.77 శాతం పెంచుకోనిచ్చారు, 2023లో 12.12, 2024లో దాదాపు సున్నా. ఆ జాబితాలో లేని మందులకు కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. తగ్గినవీ ఉన్నాయండోయ్. గుండెకు వేసే మందు పూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో 29,600 గరిష్ఠ ధర పెట్టారు, అంతకుముందు దాని మీద లక్ష దాటిన ఎమ్మార్పీ ఉండేది. అందుకే ఫీజులు, రూము అద్దె, మందులు, టెస్టులు విడివిడిగా రాసుకోమంటున్నా.

ఇక ముందుకు లెక్క. 72ని మీ శాతంతో భాగిస్తే ఖర్చు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో వస్తుంది. 10 శాతం అనుకుంటే ఏడేళ్ల చిల్లర. ఇవాళ లక్షన్నర అయ్యే మోకాలి ఆపరేషన్ పద్నాలుగేళ్లకు 5.7 లక్షలు. అదే లక్షన్నర ఏడు శాతం ఎఫ్‌డీలో వేసి మరిచిపోతే 3.87 లక్షలవుతుంది, పన్ను పోకముందు. మిగతా లక్షా ఎనభై వేల చిల్లర ఎక్కడినుంచి తేవాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

పాలసీ ఉంది కదా అనుకునేవాళ్లు రెండు చూసుకోండి. ఒకటి రూము అద్దె పరిమితి. చాలా పాత పాలసీల్లో రోజుకు బీమా మొత్తంలో ఒక శాతమే ఇస్తారు, 3 లక్షల పాలసీకి 3,000 అన్నమాట. రూము 4,500 అయితే ఆ పైన 1,500 మాత్రమే మన జేబులోంచి పోతుందనుకుంటాం, కానీ డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీల్లాంటి వాటినీ అదే నిష్పత్తిలో కోసి మూడింట రెండొంతులే ఇస్తారు. పాలసీ కాగితం మారలేదు, రూము రేటు పెరిగింది, అంతే.

రెండోది ప్రీమియం పోలిక. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. పోయినసారి 23,600 కట్టి ఈసారి 23,000 కడితే తగ్గిందని సంబరపడొద్దు. పాతదాంట్లో అసలు ప్రీమియం 20,000, అంటే పెరిగింది 15 శాతం. అరవై దాటినవాళ్లకు ఏటా 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. మీ అమ్మానాన్నల ప్రీమియం అంతకంటే ఎగబాకితే కారణం అడగండి, ఊరుకోవద్దు.

చివరగా, డిశ్చార్జి రోజే విడివిడిగా రాసిన బిల్లు అడిగి తీసుకోండి. బాపు కంటి ఆపరేషన్‌కు ఒక ఆస్పత్రి వాళ్లు ‘ప్యాకేజీ’ అని ఒక్క ముక్క, కింద ఒక అంకె రాసిచ్చారు, అందులో లెన్సెంతో ఫీజెంతో ఇప్పుడు బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మెడికల్ షాపు బిల్లులు మాత్రం ఇంటికి రాగానే ఫొటో తీయండి, ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు ఏడాది రెండేళ్లకే ఎగిరిపోతాయి. మా కవర్లో 2018 మందుల బిల్లులు పదకొండు ఉన్నాయి, పిన్ను తుప్పు పట్టి గట్టిగానే పట్టుకుంది, కాగితాలు మాత్రం తెల్లగా ఉన్నాయి.