మూకీ సినిమా చూసే ముందు వేగం సరిచెయ్యండి

మూకీ సినిమాల్లో మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా గబగబా నడుస్తారని చాలామంది నవ్వుకుంటారు. ఆ తప్పు సినిమాది కాదు, మనకు దొరికిన కాపీది. అప్పట్లో కెమెరాను ఎక్కువగా చేత్తోనే తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములు (విడివిడి బొమ్మలు) పడొచ్చు, 22 పడొచ్చు. టాకీలొచ్చాక 24 ఖాయమైంది. 16లో తీసిన దాన్ని 24లో ఆడిస్తే ఒకటిన్నర రెట్లు పరుగెడుతుంది.

సరిచెయ్యడం తేలికే. యూట్యూబ్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెట్టి చూడండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఉంటే వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు. ఎంత తగ్గించాలన్నది మాత్రం హీరోని చూసి తేల్చకండి. కామెడీల్లో గంతులు చురుగ్గా కనబడాలని కెమెరాను కావాలనే నెమ్మదిగా తిప్పేవారు. వెనక దారిన పోయేవాళ్లనీ, పొగనీ చూడండి. సముద్రం షాట్ తగిలితే ఇంకేం కావాలి? ఆర్కే బీచ్‌లో అల విరిగి వెనక్కి జారే తీరు విశాఖవాళ్లకు వేరే చెప్పాలా! తెర మీద అల అంతకంటే తొందరపడుతుంటే ఇంకాస్త తగ్గించండి. వేగంతోపాటు సంగీతమూ సాగిపోతుంది కాబట్టి మ్యూట్ చేసి వీణో వయొలినో పెట్టుకోండి. పాటలు వద్దు, చెవి సాహిత్యం వెంట పోతే, మధ్యమధ్య మాటలు రాసి చూపే కార్డు చదవడం తప్పిపోతుంది.

ఒకే పేరుతో నాలుగైదు వీడియోలుంటే ముందు నిడివి పోల్చండి. పొట్టిగా ఉందంటే వేగం పెంచారు, లేదా కోత పడింది. ‘మెట్రోపొలిస్’ (1927) అయితే 2010లో పునరుద్ధరించిన కాపీయే చూడండి. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో బయటపడిన ప్రింటు నుంచి పోయిన సీన్లు చాలావరకు అందులో చేరాయి. గీతలు పడ్డ ముక్కలు అవే. ‘గోల్డ్ రష్’ (1925)లో చాప్లిన్ గొంతు వినిపించిందా, అది ఆయనే 1942లో వ్యాఖ్యానం చేర్చి మళ్లీ వదిలింది.

పట్టపగలు లాంతరు పట్టుకు తిరుగుతున్నారేమిటి అనిపిస్తే, రంగు పోయిన కాపీ అయ్యుంటుంది. రాత్రి సీన్లు పగలే తీసి ఫిల్మ్‌కు నీలం రంగు అద్దేవారు. దీపం వెలుగుకు పసుపు, మంటలకు ఎరుపు. రంగులు నిలిపిన కాపీ వెతకండి.

టీవీలో మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య లేని బొమ్మలు చేర్చి కదలికను నున్నగా చేసే సెట్టింగ్) ఆపెయ్యండి. తెర నిండా సాగదీయకండి: బొమ్మ దాదాపు చదరంగానే ఉండాలి, పక్కల నల్ల పట్టీలు ఉండనివ్వండి. జూమ్ చేస్తే తలలు తెగుతాయి.

మొదటిసారికి బస్టర్ కీటన్ కామెడీ ‘షెర్లాక్ జూనియర్’ (1924) చాలు, ముప్పావుగంటే. జర్మన్ భయానకాలతో మొదలెడితే ఇంట్లోవాళ్లు మళ్లీ కూర్చోరు.

డాబా మీద ప్రొజెక్టర్ పెట్టేవాళ్లు దుప్పటి కంటే సున్నం కొట్టిన మెట్లగది గోడను నమ్ముకోవడం మేలు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు గాలికి దుప్పటి తెరచాపే అవుతుంది. గోడ లేకపోతే దుప్పటి కింది అంచులో పైపు దూర్చి రెండు కొసలూ కట్టెయ్యండి. పిల్లలుంటే ఒకరు కార్డులు తెలుగులో పైకి చదవాలి. అప్పట్లో మన హాళ్లలోనూ చదివి చెప్పేవాళ్లుండేవారు.

మనవాటిలో రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఇప్పుడు దొరకదు. ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ (1913) కొన్ని రీళ్లే మిగిలింది, అందులో హరిశ్చంద్రుడి భార్య తారామతిగా వేసింది మగవాడే. పూర్తి నిడివి సినిమా కావాలంటే హిమాంశు రాయ్ ‘షిరాజ్’ (1928) పట్టుకోండి. తాజ్‌మహల్ కట్టడం చుట్టూ అల్లిన కథ, మన దేశంలోనే తీసింది, పునరుద్ధరించిన కాపీ ఉంది.