అమెరికన్ యూదు నవలాకారుడు ఫిలిప్ రాత్‌ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

నేను మొదలుపెట్టింది తప్పు చోట. ఏ పుస్తకం మీద గోల ఎక్కువ జరిగిందో అదే తీశాను: 1969 నాటి ‘పోర్ట్‌నాయ్స్ కంప్లెయింట్’. మానసిక వైద్యుడి ముందు సోఫాలో పడుకుని ఒకడు తన కామం గురించీ అమ్మానాన్నల గురించీ ఏకబిగిన వాగే నవల. అరవై పేజీలకే మూసేసి, మూడేళ్లు రాత్ జోలికి పోలేదు.

మీరు ముందు ‘ప్యాట్రిమనీ’ (1991) చదవండి. ఇది నవల కాదు, రాత్ తన సొంత తండ్రి గురించి రాసిన నిజమైన కథ. ఇన్సూరెన్స్ కంపెనీలో చేసి రిటైరైన తండ్రి హెర్మన్‌కి 86వ ఏట మెదడులో కణితి బయటపడుతుంది. ఒకరోజు కొడుకింట్లో ఆయన ఆపుకోలేకపోతాడు. బాత్‌రూమ్ అంతా పాడవుతుంది. పిల్లలకు చెప్పొద్దంటాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చి కొడుకు మోకాళ్ల మీద కూర్చుంటాడు. నేల చెక్కల సందుల్లోది బ్రష్షుకి రాకపోతే తన టూత్‌బ్రష్‌తోనే గీకి కడుగుతాడు. తర్వాత అదంతా పుస్తకంలో రాసేస్తాడు! నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ప్రేమా ఉంది, మాట తప్పడమూ ఉంది. సొంతవాళ్ల గుట్టు రాసేస్తాడని రాత్ మీద జీవితాంతం నడిచిన గొడవ మొత్తం నాకు ఆ పేజీలోనే కనిపిస్తుంది.

రెండోది, 1959లో ‘న్యూయార్కర్’లో వచ్చిన కథ ‘డిఫెండర్ ఆఫ్ ద ఫెయిత్’. యూదు సార్జెంటు దగ్గర మతం పేరు చెప్పి పనులు చేయించుకునే యూదు సైనికుడి కథ. ఇంటిగుట్టు బయటపెట్టాడని రబ్బైలు (యూదు మతగురువులు) మండిపడ్డారు. 1962లో న్యూయార్క్‌లోని యూదుల విశ్వవిద్యాలయం యెషీవా యూనివర్సిటీ సభలో రాత్‌ని ప్రశ్నలతో నిలదీశారు.

ఇప్పుడు ‘పోర్ట్‌నాయ్’ తెరవండి. అందులో తండ్రి కూడా ఇన్సూరెన్స్ మనిషే, మలబద్ధకంతో సతమతమయ్యేవాడు. హెర్మన్‌ని చూసొచ్చిన మీకు ఆ నవ్వులో ప్రేమ కూడా వినిపిస్తుంది. నాకు రెండోసారి అలాగే వినిపించింది.

ఆడవాళ్లను రాసే తీరు మీద వచ్చిన విమర్శను మాత్రం పక్కకు నెట్టకండి. రాత్ మాజీ భార్య, నటి క్లెయిర్ బ్లూమ్ 1996లో రాసిన ఆత్మకథ కూడా చదవండి. నేను రాత్ అభిమానినే, అయినా కొన్ని నవలల్లో స్త్రీలు మగవాడి కోరికకు అద్దాలుగా మిగిలిపోయారనే అనుకుంటాను. 2011లో ఆయనకు మ్యాన్ బుకర్ ఇంటర్నేషనల్ సాహిత్య బహుమతి ఇచ్చినప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకరైన కార్మెన్ కలిల్ తప్పుకున్నారు. అయితే ఆమె అభ్యంతరం వేరు: ఏ పుస్తకం తీసినా అదే విషయమని.

చివర్న ‘అమెరికన్ పాస్టోరల్’ (1997). దీనికి పులిట్జర్ వచ్చింది. రాత్ పుట్టిన న్యూఆర్క్‌లో గ్లవ్స్ ఫ్యాక్టరీ నడిపే స్వీడ్ లెవోవ్ కథ. అతని కూతురు వియత్నాం యుద్ధం మీద కోపంతో పోస్టాఫీసులో బాంబు పెట్టి మాయమవుతుంది. తోలు సాగదీయడం, కత్తిరించడం, కుట్టడం గురించిన పేజీలు చాలా ఉంటాయి. దయచేసి దాటేయకండి. స్టూడెంటునని చెప్పి వచ్చిన ఒక చిన్న పిల్లకి స్వీడ్ ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపిస్తాడు, ఆమె చేతికి సరిపోయే జత దగ్గరుండి కుట్టిస్తాడు. అంతా అయ్యాక ఆ పిల్ల అతని కూతురి గురించి మెల్లిగా ఒక్క మాట అంటుంది.